బొబ్బట్ల బాకీ

మా నాన్న నంబర్‌కి నేను చివరిగా మెసేజ్ పంపింది మొన్న మంగళవారం. నాన్న పోయి ఏడాది దాటింది.

కంగారు పడకండి, నాకేం కాలేదు. ఈ సంగతి ఒక ఫ్రెండ్‌కి చెబితే, కాసేపు నా మొహంలోకి చూసి "ఎవరైనా కౌన్సెలర్‌ని కలవచ్చుగా" అంది. ఇంకొకడైతే "నాక్కూడా అలాగే ఉంటుంది" అని టాపిక్ మార్చేశాడు. ఈ రెండోవాడిలాంటి వాళ్లు మీలోనూ చాలామంది ఉన్నారని నా అనుమానం. అందుకే ఈ వారం ఇది.

మా పాప పుట్టింది జులై ఆఖర్లో. కాన్పుకి తెనాలిలో పుట్టింటికి వెళ్లి, మూడో నెల వెళ్లాక హైదరాబాద్ వచ్చేశా. వచ్చిన మర్నాటి నుంచీ పొద్దున్నే ఏడింటికి నాన్న వాయిస్ మెసేజ్ ఉండేది. ఆయనకి టైపింగ్ రాక కాదు. ముప్ఫై ఏళ్లు జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పిన మనిషి, ఫోన్‌లో ఒత్తులు సరిగ్గా పడకపోతే ఊరుకోలేడు. తప్పు రాయడం కన్నా మాట్లాడటం మేలని వాయిస్. "చిట్టీ, బుజ్జిది ఏం చేస్తోందమ్మా?" నేను ఒక వీడియో పంపేదాన్ని. నాన్న ఫోన్ పట్టుకుంటే, అమ్మ ఆయన భుజం మీదుగా తొంగి చూసేది. అమ్మకి ఉన్నది బటన్ ఫోన్. స్మార్ట్‌ఫోన్ కొనిస్తానంటే "ఇంట్లో ఒకటుందిగా" అనేది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఇప్పుడు మనందరం పిల్లల పక్కన 'ఐదో నెల' అని చెక్క బిళ్ల పెట్టి ఫొటో తీస్తున్నాం గానీ, తెలుగువాళ్లకి మైల్‌స్టోన్ అంటే అసలు ఫొటో కాదు, తిండి. పిల్ల నవ్వితే నువ్వుండలు. బోర్లా పడితే బొబ్బట్లు. కూర్చుంటే కుడుములు. పాకితే మా వైపు పాయసం. అడుగులేస్తే అరిసెలు, గడప దాటితే గారెలు, మాటలొస్తే పంచదార చిలకలు. ఎవరు కనిపెట్టారో గానీ, బిడ్డ ఎదుగుదల మొత్తాన్ని ప్రాస కుదిర్చి మరీ వంటింటికి కట్టేశారు. చేసి ఇంట్లో దాచుకోవడం కాదు, వీధిలో పిల్లలందరికీ పంచాలి. ఏ పిల్ల ఎప్పుడు బోర్లా పడిందో వీధి వీధంతా నాలుకతో గుర్తుపెట్టుకోవాలన్నమాట. మా ఇళ్లలో ఇవన్నీ పుట్టింటి నుంచే రావాలి.

నాన్న దీన్ని కూడా లెక్కల సిలబస్‌లాగే తీసుకున్నాడు. రెండో నెలలో పాప మొదటిసారి ఆయన్ని చూసి బోసినవ్వు నవ్విందో లేదో, చొక్కా తగిలించుకుని బజారుకెళ్లి నువ్వుండలు తెచ్చేశాడు. అది గ్యాస్ వల్ల వచ్చిన నవ్వేమో అని నేనంటే వినడే! పిల్లలు తమంతట తాము నడవడం ఎనిమిది నెలలు దాటినప్పటి నుంచి పదిహేడున్నర నెలల దాకా ఎప్పుడైనా కావచ్చని డబ్ల్యూహెచ్‌వో చెబుతోంది నాన్నా, తొందరేం లేదు అని చదివి వినిపించా. "నువ్వు పదకొండో నెలకి నడిచావు. ఇది పదో నెలకి నడుస్తుంది" అన్నాడు. ప్రూఫ్ అయిపోయింది.

తర్వాతి చాప్టర్ బొబ్బట్లు. శనగపప్పు ముందే తెచ్చిపెట్టాడు. డిసెంబర్ మొదటి వారంలో వచ్చిన వాయిస్ మెసేజ్ ఇది, పదకొండు సెకన్లు. "చిట్టీ, బోర్లా పడిందా? పప్పు తెచ్చి పది రోజులైంది. పురుగు పట్టేలోపు పడమను."

ఆ మర్నాడు తెల్లవారుజామున నాన్న నిద్రలోనే పోయాడు.

కర్మకాండలన్నీ అయ్యి హైదరాబాద్ వచ్చిన వారానికి, ఒక మధ్యాహ్నం మంచం మీద పాప ఒక పక్కకి ఒరిగి, కాలు ఇటేసి, చెయ్యి కింద ఇరుక్కుపోయి, మొత్తానికి బోర్లా పడిపోయింది. తొమ్మిది సెకన్ల వీడియో. తీయడం, 'నాన్న' అని ఉన్న చాట్ మీద నొక్కడం, పంపడం, మూడూ వేలికి అలవాటైన పనులు. పంపేశాక గుర్తొచ్చింది.

డిలీట్ చేద్దామని మళ్లీ చూస్తే అప్పటికే రెండు టిక్కులు. అంటే తెనాలిలో ఆ ఫోన్ ఇంకా వెలుగుతోంది, అమ్మ చార్జింగ్ పెడుతోంది. అయితే అమ్మ చూస్తుందిలే అనుకున్నా. డిలీట్ చేయలేదు.

అలా మొదలైంది. కూర్చున్న రోజు పంపా. ఇల్లంతా పాకి చెప్పుల స్టాండ్ దగ్గర ఆగిపోయిన రోజు పంపా. కింద పన్ను, పై పన్ను, మొదటి జలుబు, కుక్కర్ విజిల్‌కి డాన్స్. ఒక్కో వీడియో కింద రెండు ముక్కలు రాసేదాన్ని. 'నాన్నా, ఈరోజు తాత అంది. మురిసిపోకు, సీలింగ్ ఫ్యాన్‌ని కూడా తాత అనే అంటోంది.' నిజానికి తాత, మామ, అత్త లాంటివి పిల్లల నోటికి తేలిగ్గా దొరికే మాటలు. ప్రపంచంలో ఇన్ని భాషల్లో అమ్మానాన్నల్ని పిలిచే పిలుపులు ఎందుకు ఒకేలా ఉంటాయా అని రోమన్ యాకబ్‌సన్ అనే భాషాశాస్త్రవేత్త ఒక వ్యాసమే రాశాడు. నాన్న ఉంటే అదీ ఒప్పుకునేవాడు కాదు. ఫ్యాన్ సంగతి దాచిపెట్టి, "నన్నే పిలిచింది" అని వీధంతా చెప్పుకునేవాడు.

ఏడాదిపాటు అమ్మ ఇంట్లో పండగల్లేవు. పిండివంటలకి పొయ్యి మీద మూకుడు పెట్టకూడదు. కాబట్టి బొబ్బట్లు లేవు, కుడుముల్లేవు, పాయసం లేదు. పాప ఒక్కో మెట్టూ ఎక్కేస్తోంది, పుట్టింటి బాకీ పెరిగిపోతోంది. వీడియో పంపిన రోజు రాత్రి అమ్మ బటన్ ఫోన్‌కి కాల్ చేసేదాన్ని.

"వీడియో చూశావా అమ్మా?"

"ఆఁ."

"ఎలా ఉంది?"

"బంగారం."

ఎప్పుడు అడిగినా అదే మాట. పెద్దగా మాట్లాడలేకపోతోంది పాపం అనుకున్నా. నాకు బ్లూ టిక్కులు ఎప్పుడూ రాలేదు, రావు కూడా. నాన్న ఫోన్‌లో రీడ్ రిసీట్స్ నేనే ఆఫ్ చేశా, చాలా ఏళ్ల కిందట. అది ఆఫ్ చేస్తే మనం చూసినట్టు అవతలివాళ్లకి తెలీదు, అవతలివాళ్లు చూసినట్టు మనకీ తెలీదు. "చూసి కూడా మాట్లాడవేంటమ్మా" అని ఆయన అడగకుండా ఉండటానికి నేను చేసిన తెలివైన పని అది.

మా ఆయనకి మొదట్లో ఇదంతా కొంచెం ఇబ్బందిగా ఉండేది, పైకి అనలేదు. అత్తగారు మాత్రం తేలిగ్గా తేల్చేశారు. వాళ్లది ఖమ్మం. దసరాకి ముందు వచ్చే అమావాస్యని వాళ్లు పెత్రమాస అంటారు. ఆ రోజు పోయిన పెద్దల పేరు చెప్పి బియ్యం, కూరగాయలు ఇస్తారు. "మేం ఏడాదికోసారి బియ్యమిస్తం, నువ్వు రోజూ వీడియోలిస్తున్నవు. అంతేగా బిడ్డా" అన్నారు. కౌన్సెలింగ్ అక్కడితో పూర్తయింది.

ఒక్క భయం మాత్రం వదిలేది కాదు. ఆ నంబర్ పోతే? రీచార్జ్ లేకుండా, వాడకం లేకుండా 90 రోజులు దాటితే ప్రీపెయిడ్ సిమ్ ఆపేయొచ్చు. రద్దయిన నంబర్‌ని కనీసం 90 రోజుల వరకు కొత్తవాళ్లకి ఇవ్వరని 2023లో ట్రాయ్ సుప్రీంకోర్టుకి చెప్పింది. అంటే ఆ తర్వాత ఇవ్వొచ్చనేగా! మా పాప తొలి అడుగుల వీడియో ముక్కూమొహం తెలియని ఎవరి ఫోన్‌కో వెళ్లి, అవతలి నుంచి 'హూ ఈజ్ దిస్' అని వస్తే? ఫోన్ ఆఫ్ అయిపోయినా కష్టమే. అందని మెసేజ్‌ని వాట్సాప్ తన సర్వర్లలో 30 రోజులే ఉంచుతుంది, తర్వాత చెరిపేస్తుంది. 120 రోజులు నెట్‌కి తగలకపోతే అకౌంటే పోతుంది. మీ ఇంట్లోనూ అలాంటి ఫోన్ ఒకటి డ్రాయర్‌లో ఉంటే, ఇవాళే చార్జింగ్ పెట్టి ఆ చాట్‌ని ఎక్స్‌పోర్ట్ చేసి ఇంకోచోట దాచుకోండి. వాయిస్ మెసేజ్‌లు ముఖ్యంగా. ఫొటోలు అందరి దగ్గరా ఉంటాయి, గొంతు ఒక్కచోటే ఉంటుంది. సిమ్‌ని కూడా డెత్ సర్టిఫికెట్ చూపించి ఇంట్లోవాళ్ల పేరు మీదికి మార్పించుకోవచ్చు. నాకివన్నీ తెలుసు. తెలిసి కూడా, తెనాలి వెళ్లిన ప్రతిసారీ ఫొటో పక్కన చార్జర్‌కి తగిలించి ఉన్న ఆ ఫోన్‌ని ముట్టుకోకుండా తిరిగొచ్చేదాన్ని. రీచార్జ్ సంగతి వీధి చివర సెల్ షాపు అబ్బాయి చూసుకునేవాడు, అమ్మ నెలనెలా మర్చిపోకుండా డబ్బులిచ్చేది.

దసరా సెలవులకి వెళ్లినప్పుడు తెలిసింది అసలు సంగతి.

పొద్దున్న పదింటికి గ్యాస్ సిలిండర్ వచ్చింది. అమ్మ స్నానానికి వెళ్లింది. డెలివరీ అబ్బాయి గుమ్మంలోంచే "కోడ్ చెప్పండమ్మా" అన్నాడు. ఆ కోడ్ వచ్చేది నాన్న నంబర్‌కే. నేను తెల్లమొహం వేస్తే అతనే "ఆ ఫోన్ ఇలా ఇచ్చేయండి, ఎప్పుడూ నేనే చూసుకుంటాగా" అన్నాడు. తప్పక ఫోన్ తీశా. లాక్ లేదు, నాన్న ఎప్పుడూ పెట్టుకోలేదు. కోడ్ చెప్పి, అతను వెళ్లిపోయాక స్క్రీన్ చూశా.

ఆకుపచ్చ వాట్సాప్ గుర్తు మీద చిన్న గుండ్రంలో అంకె. 186.

మొదట అర్థం కాలేదు. గ్రూపుల్లో గుడ్ మార్నింగులేమో అనుకున్నా. తెరిచా. గ్రూపులన్నిటినీ నాన్నే ఏనాడో మ్యూట్ చేసి ఆర్కైవ్‌లో పడేశాడు. పైన ఉన్నది ఒక్కటే చాట్. నాది. ఆ 186 నావే. బోర్లా పడినప్పటి నుంచీ ఒక్కటి కూడా ఎవరూ తెరవలేదు.

అమ్మ తల తుడుచుకుంటూ వచ్చింది. నా చేతిలో ఫోన్ చూసి ఆగిపోయింది.

"ఏంటమ్మా ఇది? ఒక్కటి కూడా చూడలేదా?"

"ఆయనకొచ్చినవి నేనెందుకు తెరుస్తానే? ఎప్పుడైనా తెరిచానా?"

నిజమే. ఉత్తరాలొచ్చే రోజుల్లో కూడా నాన్న పేరుతో కవరొస్తే బల్ల మీద పెట్టేది. ఆయన స్కూల్ నుంచి వచ్చి, చింపి, చదివి, ఇస్తేనే చదివేది.

"మరి అడిగినప్పుడల్లా చూశానని చెప్పావేంటి?"

అమ్మ కాసేపు తువ్వాలు మడతపెట్టింది. విప్పింది. మళ్లీ మడతపెట్టింది.

"చూడలేదంటే నువ్వు పంపడం మానేస్తావు. పొద్దున్నే అది టింగుమంటే ఆయన లేచినట్టుంటుంది."

నాకు కోపం రావాలో ఏడుపు రావాలో తెలీలేదు. నిజం చెప్పాలంటే ముందు కోపమే వచ్చింది, అమ్మ మీద కాదు. పది నెలలుగా నేను నాన్నతో మాట్లాడుతూ కూర్చున్నా. బతికున్న మనిషికి మనవరాలి మొదటి పన్ను చూపించలేదు. రెండు నెలలకోసారి ఇంటికి తీసుకెళ్లి ఎత్తుకోమని ఇచ్చేదాన్ని గానీ, అప్పటికి ఆ పిల్ల అప్పుడే నేర్చుకున్నవన్నీ పాతబడిపోయి ఉండేవి. 'చూశావుగా' అని నేను చెప్పేదాన్ని కూడా కాదు. ఆవిడ 'బంగారం' అని నెట్టుకొచ్చింది.

ఆ మధ్యాహ్నం పాప నిద్రపోయాక ఇద్దరం మంచం మీద కూర్చున్నాం. "ఆయనే చూపిస్తున్నారనుకో" అన్నా. అమ్మ కళ్లజోడు తుడుచుకుంది. చదవని మెసేజ్‌లు మొదలయ్యే చోట చాట్ ఆగింది. దానికి సరిగ్గా పైన నాన్న వాయిస్ మెసేజ్ ఉంది, పదకొండు సెకన్లది. నా వేలు దాన్ని దాటేయబోతుంటే అమ్మే నా చెయ్యి పట్టుకుని దాని మీద పెట్టింది.

"...పురుగు పట్టేలోపు పడమను."

అమ్మ ఏడుస్తుందనుకున్నా. "ఆ పప్పు నిజంగానే పురుగు పట్టింది" అంది. అని నవ్వింది. ఆ తర్వాత చాలాసేపు ఏం మాట్లాడలేదు. ఇంకోసారి పెట్టమంది. ఇంకోసారి.

186 చూడటానికి సాయంత్రమైంది. అమ్మ ప్రతి వీడియోనీ రెండుసార్లు చూసింది, ఒకసారి తన కోసం, ఒకసారి ఫోన్‌ని కొంచెం ఎడం పక్కకి వంచి. ఆ పక్కన ఎవరూ లేరు. నేనేం అడగలేదు. ఫ్యాన్‌ని తాత అన్న మెసేజ్ చదివినప్పుడు మాత్రం "తప్పు, ఫ్యాన్ కింద ఆయన ఫొటో ఉందిగా, దాన్నే అంది" అని తీర్పిచ్చింది. మా హైదరాబాద్ ఫ్లాట్‌లో ఫ్యాన్ కింద టీవీ ఉంది. నేను వాదించలేదు.

సంవత్సరీకం అయ్యాక వచ్చిన పండగ సంక్రాంతి. అమ్మ వారం ముందే ఫోన్ చేసి "మీ అత్తగారిని కూడా రమ్మను. ఎరియర్స్ అన్నీ కలిపి ఇచ్చేస్తున్నా" అంది. ఎరియర్స్! నలభై ఏళ్లు టీచరు భార్యగా డీఏ బకాయిల కోసం ఎదురుచూసిన మనిషి నోట్లోంచి అంతకన్నా సరైన మాట రాదు.

వెళ్లేసరికి ఇల్లంతా బెల్లం వాసన. బొబ్బట్లు, కుడుములు, పాయసం, గారెలు అన్నీ ఒక్క రోజే. అరిసెలు మాత్రం ముందు రోజు రాత్రి చేసింది, పక్కింటి పిన్ని సాయంతో. అరిసెలతో ఆటలు కుదరవు. నానిన బియ్యాన్ని తడారకుండా పిండి కొట్టాలి. పాకం లేతగా ఉంటే నూనెలో విచ్చిపోతాయి, ముదిరితే పళ్లు ఊడతాయి. నాన్న ఎప్పుడూ పాకం దగ్గర నిలబడి, నీళ్ల గిన్నెలో చుక్క వేసి ఉండ కట్టిందో లేదో నొక్కి చూసి "ఓకే" అనేవాడు. ఈసారి ఆ ఓకే ఎవరన్నారని అడిగితే అమ్మ సమాధానం చెప్పలేదు. అరిసెలు మాత్రం కరెక్ట్‌గా కుదిరాయి.

పండగ రోజు మా వైపు పెద్దలకి బట్టలు పెడతారు. నాన్న ఫొటో ముందు కొత్త పంచెల చాపు, తాంబూలం, వండినవన్నీ కొంచెం కొంచెం ఒక ఆకులో. తర్వాత హాల్లో చాప మీద తెల్లగుడ్డ పరిచి అరిసెలు వరసగా పేర్చారు. వీధిలో ఆడవాళ్లు వచ్చారు. పాపకి అప్పటికి పదిహేడు నెలలు దాటాయి, అడుగులేంటి, పరుగులే. అయినా బాకీ బాకీయే.

పాపని తెమ్మని అంటుండగా చూస్తే అమ్మ లేదు. వంటింట్లో ఉంది. "పొయ్యి మీద ఏదో ఉంది, మీరు కానివ్వండి" అంది. పొయ్యి ఆర్పేసి అరగంటైంది. మీకు అర్థమయ్యే ఉంటుంది ఎందుకు వెళ్లిందో.

అత్తగారు లోపలికెళ్లారు. "వదినగారూ, రండి. పిల్లని మీరు పట్టుకోండి."

"నేనెందుకులే వదినా. ముత్తైదువలు, మీరు పట్టుకోండి."

"అరిసెలు చేసిన చెయ్యి పనికొచ్చింది గానీ, పట్టుకునే చెయ్యి పనికిరాదా?"

ఆ మాట హాల్లోకి బాగానే వినిపించింది. ఎదురింటి మామ్మగారి మొహం కొంచెం ముడుచుకుంది. ముడుచుకోనీ. నాకు సిగ్గేసింది మాత్రం ఇంకో విషయానికి. అత్తగారికన్నా ముందు ఆ మాట నేను అనాల్సింది. ఇంత చదువుకుని, ఇన్ని కాలమ్స్ రాసి, ఆ నిమిషంలో నేను ఫోన్ అడ్డంగా పట్టుకోవాలా నిలువుగా పట్టుకోవాలా అని చూసుకుంటున్నా.

అమ్మ చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి పాప రెండు చేతులూ పట్టుకుంది. మొదటి అరిసె మీద కాలు పడింది. రెండోది దాటింది. మూడో దాని దగ్గర పాప కూలబడి, దాన్నే తీసుకుని కొరకడం మొదలుపెట్టింది. ఎంత లాగినా లేవలేదు. అందరూ నవ్వేశారు, మామ్మగారితో సహా.

"పంపావా ఆయనకి?" అంది అమ్మ.

పంపా. లోపల గదిలో ఫొటో పక్కన టింగుమంది. అమ్మే వెళ్లి తీసింది, తెరిచింది, చూసింది.

ఆ రోజు రాత్రి అమ్మ చేత రెండు పనులు ప్రాక్టీస్ చేయించా, మైక్ బొమ్మ నొక్కి పట్టుకుని మాట్లాడటం, వదిలేయడం. అమ్మ మూడుసార్లు మాట్లాడకముందే వదిలేసింది. రీడ్ రిసీట్స్ కూడా ఆన్ చేశా. నా ఫోన్‌లో పేరు మాత్రం మార్చలేదు.

మొన్న మంగళవారం పాప తనంతట తను స్పూన్‌తో పెరుగన్నం తింది. సగం నోట్లోకి, సగం జుట్టులోకి. వీడియో పంపి ఆఫీస్ కాల్‌లో కూర్చున్నా. రెండు నిమిషాలకి టిక్కులు నీలమయ్యాయి. ఇంకో ఐదు నిమిషాలకి స్క్రీన్ మీద 'నాన్న' అని వెలిగింది. వాయిస్ మెసేజ్, తొమ్మిది సెకన్లు.

కాల్‌ని మ్యూట్‌లో పెట్టి విన్నా.

"చిట్టీ, వినపడుతోందా? పిల్ల చిక్కిందే. పప్పన్నంలో నెయ్యి వేస్తున్నావా, లేదా?"